ఆంధ్రదేశపు రత్నకంబళములు

మనదేశమునఁ జరిత్రపరిశోధనము శిలాశాసనములతోడను, తామ్రపత్రములతోడను, నాణెములతోడను బ్రారంభమైనది. పిదపఁ దాళపత్రగ్రంథములును, కైఫీయతులును, విదేశీయుల యాత్రాకథనములును బరిశీలింపఁబడెను. ఇవి యన్నియు నక్షరముద్వారమున మాటలాడు సాధనములు. అక్షరము లేకయే తన కాలమును, తన యూరిని, తన్నుఁ జేసిన చేతిని దెలుపఁగల సాధన మింకొకటి కలదు. అది నేఁత. అందును ముడులతో నేసిన రత్నకంబళము, అనఁగా నేఁటి వాడుకలోని తివాచీ, చదువ నేర్చినవానికొక శాసనమే. అయినను మనవారు తామ్రపత్రమును బెట్టెలోఁ బెట్టి దాఁచిరి. తివాచీని మాత్రము కాలిక్రిందఁ బఱచిరి. ఆంధ్రదేశపు తివాచీలు ఎచ్చటఁ బుట్టినవి, ఎచ్చటికిఁ బోయినవి, మనయొద్ద నవి యేల యరుదయ్యెను, మిగిలినవానిని నిలుపుకొను మార్గమెయ్యది యను విషయము లీ వ్యాసమున విచారింపఁబడును.

నిర్మాణము

మొదట మాటలను స్పష్టపఱచుకొనవలెను. కంబళి యనునది యున్నిదారమునే పడుగుగను పేకగను నిడి నేసిన సాదా నేఁత. జంపఖానా నూలుతో నేయు నేలపఱపు. దానికిఁ గుచ్చు లేదు. తివాచీ యట్టిది గాదు. నిలువుమగ్గమున నూలుపడుగును బిగించి, ఒక్కొక్క జత పడుగుదారములకు రంగువేసిన యున్నిపోఁగును ముడివైచి, కొసను గత్తిరింతురు. ఒక వరుస ముడులు ముగిసినతోడనే పేకదారమును నడిపి, పంజాతోఁ గొట్టి బిగింతురు. కత్తిరించిన కొసలే పైకిఁ గుచ్చుగా నిలుచును. చిత్రమంతయు నా కొసలచేతనే యేర్పడును. కావునఁ దివాచీయందలి పువ్వు గుడ్డపై నద్దినది గాదు, కుట్టినదియుఁ గాదు; అది గుడ్డతోఁబాటు పుట్టినది.

ఇందలి శ్రమ యెంతటిదో చిన్న లెక్కచేఁ దెలియును. చదరపంగుళమునకు నూఱు ముడులున్న తివాచీ మధ్యరకమునకుఁ జెందినది. అట్టి తివాచీ యాఱడుగుల పొడవును నాలుగడుగుల వెడల్పును గలదైనచో నందు 3,45,600 ముడులుండును. దినమున కైదువేల ముడులు వేయువాఁ డొక్కఁడే కూర్చున్నచో దానిని ముగించుటకు దాదాపు డెబ్బది దినములు పట్టును. పడుగు సవరించుట, ఉన్ని వడకుట, రంగు వేయుట యీ లెక్కలోఁ జేరలేదు.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. 1949లో రష్యా పురాతత్త్వజ్ఞుఁడు సెర్గీ రుదెన్కో ఆల్తాయి పర్వతములలోని పజిరిక్ లోయయందొక సమాధిని ద్రవ్వించి, మంచులో గడ్డకట్టియున్న తివాచీ నొకదానిని వెలికిఁ దీసెను. అది క్రీస్తునకుఁ బూర్వము 5-4 శతాబ్దుల నాఁటిది. సుమారు రెండు మీటరుల చౌకము. రౌతులును, దుప్పులును గల దాని యంచులు నేఁటికిని స్పష్టముగఁ గనఁబడుచున్నవి. ఇప్పుడది లెనిన్‌గ్రాడు అని కొంతకాలము పిలువఁబడిన సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున, హెర్మిటేజి ప్రదర్శనశాలలో నున్నది. దానిని రక్షించినది రాజు గాదు, భాండాగారము గాదు, మంచు. తివాచీ సహజముగ నశించునట్టి వస్తువనియు, విశేషకారణమున్నఁ గాని నిలువదనియు దీనివలన గ్రహింపవలెను.

ఏలూరు, ఓరుగల్లు

మనదేశమున ముడితివాచీల విద్య యక్బరు చక్రవర్తి కాలమున బాగుగ వ్యాపించెను. ఆగ్రాయందును, ఫతేపురమునందును, లాహోరునందును దివాచీల కార్ఖానాలు వెలసినట్లు అబుల్ ఫజలు ఐనె అక్బరీలో వ్రాసెను. లాహోరు నేఁత విదేశములకును బోయెను. లండనునందలి గర్డ్లరుల సంఘమువారికి రాబర్టు బెల్లను వర్తకుఁ డిచ్చిన తివాచీ 1630 ప్రాంతమున లాహోరున నేయించినది. అది నేఁటికిని వారియొద్దనే యున్నది. కాని భారతదేశపు తివాచీలన్నియు మొగలాయిలవే యని తలంచుట పొరపాటు. దక్షిణాపథమున వేఱొక సంప్రదాయము వర్ధిల్లెను. దాని ముఖ్యస్థానములలో రెండు, ఏలూరును ఓరుగల్లును, తెలుఁగునాఁటివే.

ఏలూరును గూర్చి మనకొక ప్రత్యక్షసాక్ష్యము దొరకినది. ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసునఁ బాలకుఁడుగ నున్న స్ట్రేన్‌షాం మాస్టరు 1679లో బందరు ప్రాంతములఁ బర్యటించుచు ఏలూరు చేరెను. ఆతని దినచర్య 1911లో రిచర్డు కార్నాక్ టెంపుల్ సంపాదకత్వమునఁ బ్రకటింపఁబడినది. ఏలూరు పెద్ద పట్టణమనియు, పారసీకరీతిని మేలైన తివాచీలు అచట నేయుదురనియు, నేయువారు పారసీకవంశజులనియు, వారి పూర్వులు నూఱేండ్లకుఁ బైగా క్రిందట వచ్చినట్లు తనకుఁ జెప్పిరనియు నాతఁడు వ్రాసికొనెను. ఆ మాట నిజమైనచో వారి రాక 16వ శతాబ్ది యుత్తరార్ధమున, గోలకొండ కుతుబుషాహుల కాలమున జరిగినదనవలెను. ఆ రాజులు షియామతస్థులు. పారసీకముతో వారికిఁ గల సంబంధము ప్రసిద్ధము. బందరు రేవునుండి పారసీక సింధుశాఖకు నోడలు నడచుచుండెను. కావున నీ వృత్తాంత మసంభావ్యము గాదు.

మాస్టరు నేఁతపద్ధతినిఁగూడ వర్ణించెను. మగ్గము నిలువుగా నెత్తి కట్టఁబడియుండెననియు, నేయువారు చిన్నబాలురనియు, మగ్గమునకు వెనుకఁ గాగితముపై వ్రాసిన నమూనాను బట్టుకొని యొకఁడు నిలిచి, ఏ రంగు పోఁగులెన్ని వేయవలయునో చెప్పుచుండెననియు నాతని వాక్యములవలనఁ దెలియుచున్నది. ఈ వర్ణనమునుండి రెండంశములు గ్రహింపవలసి యున్నవి. మొదటిది, తివాచీకి మూలమైన చిత్రము కాగితమునను, దానిని జదువు విద్య పెద్ద పనివాని నోటను నుండెను. ఆ కాగితము చినిఁగి, ఆ నోరు మూఁతపడినచో సంప్రదాయము తెగును. రెండవది, మన మిపుడు సౌందర్యమని మెచ్చు ముడులను వేసినవి బాలుర వ్రేళ్లు. తివాచీని గొనియాడువాఁడు తక్కిన వివరములతోఁబాటు దీనినిఁగూడ మఱవరాదు.

ఓరుగల్లు తివాచీల ప్రసిద్ధి తరువాతికాలమున హెచ్చెను. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమునకు నైజాము రాజ్యమునుండి యోరుగల్లు తివాచీలు పంపఁబడెను. వానిలోఁ బట్టుకుచ్చు గలవాని సన్నపు నేఁత యచటివారి నాశ్చర్యపఱచెను. 1908లో హెన్రీ హారిసు దక్షిణహిందూస్థానపు తివాచీ పరిశ్రమను గూర్చి ప్రకటించిన గ్రంథము మద్రాసు రాజధానిలోని నేఁతకేంద్రముల స్థితిని దెలుపును. ఏలూరునను నోరుగల్లునను నీ వృత్తి నేఁటికిని బూర్తిగ నశింపలేదు. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళికచిహ్నము లభించినది. కాని ముడితివాచీయు జంపఖానాయు నొకటి గావని పైనఁ జెప్పితిమి; రెండవదానికిఁ గలిగిన గౌరవమువలన మొదటిదాని చరిత్ర రక్షితమైనదని సంతృప్తి పడరాదు.

కియోటో నగరపు సాక్ష్యము

17, 18 శతాబ్దులలో దక్కను మగ్గములపై నేసిన తివాచీలు నేఁడెచ్చటఁ గానవచ్చును? విచిత్రమైన సమాధానము: జపాను దేశపు కియోటో నగరమున.

కియోటోలో గియోన్ ఉత్సవమను నొక ప్రాచీనోత్సవము కలదు. 869లో మహామారి శాంతికై జరిపిన పూజయే దానికి మూలమని చెప్పుదురు. ప్రతిసంవత్సరము జులై మాసమున నగరములోని యొక్కొక్క వీథివారు తమ తమ రథములను నలంకరించి యూరేగింతురు. ఇప్పుడు ముప్పదినాలుగు రథములు గలవు. వీథులలోని వర్తకులు ధనవంతులగుటచే నొకరినొకరు మించవలెనను పట్టుదలతో, దూరదేశములనుండి వచ్చిన యమూల్యవస్త్రములను గొని రథములకు ముందు, వెనుక, ప్రక్కల వ్రేలాడఁగట్టిరి. బెల్జియము దేశపు చిత్రపటములు, చీనా పట్టువస్త్రములు, పారసీక భారతదేశముల తివాచీలు నొక్క యూరేగింపులోఁ గనఁబడుట యందుచేతనే.

ఇవి జపానునకెట్లు చేరెను? 1641 మొదలు యూరోపియనులలో హాలండువారికి మాత్రమే, అదియు నాగసాకియొద్ద దేజిమా యను చిన్నదీవియందు మాత్రమే, వర్తకము సేయ ననుజ్ఞ యుండెను. ఆ హాలండువారికే 17వ శతాబ్దారంభమునుండి బందరున వర్తకశాల యుండెను. కావున కృష్ణా గోదావరీ ప్రాంతమున నేసిన తివాచీ బందరు రేవున నోడ యెక్కి, బటావియామీఁదుగా దేజిమా చేరి, అచటినుండి కియోటో వర్తకుని కొట్టునకుఁ బోవుట సుగమమైన మార్గము.

ఈ రథములపైని విదేశవస్త్రములను జపాను, అమెరికా పండితులు కలసి పరిశీలించిరి. వారి నివేదిక 1992లో వెలువడినది. అందుఁ బాల్గొన్న డేనియల్ వాకరు 1997లో న్యూయార్కు మెట్రోపాలిటను ప్రదర్శనశాలలో భారతీయ తివాచీల ప్రదర్శనమును నడపి, దక్కను తివాచీలను మొగలాయి తివాచీలనుండి వేఱుచేసి చర్చించెను. వేఱుచేయుటకు వారు పువ్వుల యందమును మాత్రమే చూడలేదు. తివాచీని వెనుకకుఁ ద్రిప్పి, పడుగుదారమున నెన్ని పోఁగులు పేనిరో, పేకలెన్ని వరుసలుగ నడచినవో, ముడి యేతీరుగ వంగినదో, రంగు దేనినుండి తీసినదో లెక్కించిరి. లిపిని బట్టి శాసనకాలమును నిర్ణయించు పద్ధతికి నిదియే సమానము. చిత్రమును బరులు చూచి యనుకరింపవచ్చును. దారమును బేను చేతివాడుక మాత్రము తండ్రినుండి కొడుకునకు వచ్చును, సులభముగ మాఱదు.

ఈ తివాచీలలో నెన్ని యేలూరివి, ఎన్ని మఱియొక దక్కను పట్టణమువి యని యొక్కొక్కదానిని బేరుపెట్టి చెప్పుటకుఁ దగిన యాధారము కావలెను. ఆ యాధారము ఏలూరినుండియే రావలెను: నిశ్చయముగ నచట నేసినదని చీటీతోఁగూడి తెలియవచ్చు ప్రాఁత తివాచీ యొకటియైనఁ జేతికందినఁ గియోటో తివాచీలతోఁ బోల్చి చూడవచ్చును. పుట్టినయింట సాక్షి లేక పరదేశమునఁ బెరిగిన బిడ్డ కులగోత్రములు నిర్ణయింప దుర్ఘటమైనట్లు, మూలస్థానమునఁ దివాచీలు నశించుటచే నీ చర్చకుఁ గొఱఁత గలుగుచున్నది.

అచట నవి యేల నిలిచెను? ఏఁటికొక్కమాఱు బయలుదీసి, కొన్ని దినములు వ్రేలాడఁగట్టి, తిరిగి కొట్టులలో దాఁచుటచేతను. ఎవఁడును వానిపై నడువకుండుటచేతను. వీథియంతయు వానికి యజమానియై యుండుటచేతను. ఒక్కని సొత్తైనచోఁ గష్టకాలమున నమ్ముకొనియుండును. వీథివారి సొత్తగుటచే నమ్ముట కందఱును సమ్మతింపవలసి వచ్చెను. 1788లోను 1864లోను గియోటోను దహించిన మంటలలో ననేకరథములు నశించినను మిగిలినవానిని బ్రజలు విడువలేదు. ఇటీవల ప్రాఁత తివాచీలకు బదులు వానినిఁ బోలిన క్రొత్తవానిని నేయించి రథములకుఁ గట్టి, మూలములను భద్రస్థలములందు దాఁచు నాచారముకూడఁ బ్రబలినది. ఈ రథోత్సవము 2009లో యునెస్కో వారి జాబితాలోఁ జేర్పఁబడెను.

క్షయమునకుఁ గారణములు

మనయొద్ద నవి యేల నిలువలేదనుటకుఁ గారణములు పెక్కు. ఉపయోగము మొదటిది. నడచుటకై నేసినది నడకచే నరిగినది; అది దోషము గాదు. ఉక్కయు, వానకాలపుఁ దేమయు, చెదలును, ఉన్నిని దినెడి చిమ్మెటలును రెండవ కారణము. మూఁడవది వాణిజ్యము. 19వ శతాబ్దిలో సీమకు నెగుమతి పెరిగి, త్వరగాఁ జౌకగా నేయుమని వర్తకులు కోరిరి. కారాగృహములలోఁగూడ ఖైదీలచే నేయింపఁబడి యా సరకు బజారున నిండెను. ముడులు పలుచనయ్యెను, నమూనాలు సీమవారి యభిరుచికిఁ దగినట్లు మాఱెను.

నాలుగవది రంగులు. 1856లో విలియం పెర్కిను తారునుండి యూదారంగును దీసినది మొదలు రసాయనపు రంగులు ప్రపంచమునఁ బ్రవహించెను. 1868లో మంజిష్ఠయందలి యెఱుపును జర్మనులు ప్రయోగశాలలోఁ జేసిరి. 1897లో నీలిమందును నట్లే యమ్మకమునకుఁ దెచ్చిరి. నీలి, లక్క, మంజిష్ఠ, పసుపు, దానిమ్మబెరడు, కరక్కాయ, పటిక యను సామగ్రితో రంగువేయువాని కొలఁదులు వ్రాఁతలోఁ గంటె నోటిలోనే యుండెను. గిరాకి తగ్గఁగానే యవి మఱపునఁ బడెను. తొలినాఁటి రసాయనపు రంగులు పలువిధములవి యెండకు వెలిసి, నీటికిఁ గాఱిపోయెను. ప్రాఁత రంగులకును దోషము లేకపోలేదు: ఇనుము చేర్చి వేసిన నలుపు కాలక్రమమున నున్నిని దినివేయును. అందుచేతఁ బ్రాఁత తివాచీలలో నల్లని గీఁతలు పల్లముగను దక్కిన రంగులు మిట్టగను గనఁబడును. ఎఱుఁగనివాఁడు దీనిని లోపమని తలంచును. ఎఱిఁగినవానికి నది వయస్సును దెలుపు గుఱుతులలో నొకటి.

ఐదవది యజ్ఞానము. చినిఁగినదని ముక్కలు చేసి కుర్చీలకుఁ గుట్టుట, మెఱుఁగు వచ్చునని సోడాతో నుదుకుట, తిరుగవైచి యెండలో నాఱవేయుట యిన్నియు సద్భావముతోఁ జేసిన హాని.

రక్షణము

ఐరోపావారును మొదట నిట్టి తప్పులు చేసినవారే. పారసీకదేశపు అర్దబీలునందలి రెండు మహాతివాచీలు హిజరీ 946, అనఁగా క్రీ. శ. 1539-40 నాఁటివని వానియందు నేసిన యక్షరములే చెప్పుచున్నవి. 19వ శతాబ్ది చివర వానిని గొన్న వర్తకు లొకదాని యంచులనుఁ గత్తిరించి రెండవదానికి నతికించిరి. పూర్తిగఁ గనఁబడు తివాచీని 1893లో విలియం మారిసు ప్రోత్సాహముతో లండనునందలి ప్రదర్శనశాలవారు 2000 పౌనులకుఁ గొనిరి. అంచులు పోయినది నేఁడు లాసేంజిలిసునందున్నది. ఒకటి సంపూర్ణమగుటకు రెండవది వికలాంగమయ్యెను. ఇప్పుడు లండనునందలిదానిని గాజుగదిలో నుంచి, వెలుఁగువలన రంగు చెడకుండుటకై యరగంటకుఁ బది నిమిషములు మాత్రమే దీపము వెలిగించుచున్నారు. గౌరవించుట యనఁగా నేమో యీ పది నిమిషములు చెప్పుచున్నవి: చూచు కోరికను గొంత యడఁచుకొని వస్తువునకు నాయువు నిచ్చుట.

జయపురమునుండి మనకింకొక పాఠము కలదు. ఆ రాజ్యపు భాండాగారమువారు తమ తివాచీల వెనుకఁ జీటీలు గుట్టి, కొలతలును, లెక్కలోఁ జేర్చిన సంవత్సరమును వ్రాసి యుంచిరి. ఆ గుమాస్తాల వ్రాఁతయే నేఁడు మొగలాయి తివాచీల కాలనిర్ణయమునకు మూలాధారములలో నొకటి. వారికిఁ జరిత్రపరిశోధన తెలియదు. వారు తమ పని సరిగాఁ జేసిరి, అంతియే. చీటీ పోయిన తివాచీ తిథి పోయిన శాసనమువంటిది.

ప్రాఁత తివాచీ యింటఁగాని, మసీదునఁగాని, దేవాలయపుఁ గొట్టునఁగాని, జమీందారుల దివాణమునఁగాని యున్నవారు చేయఁదగిన పనులు కష్టమైనవి గావు. దానిని మడువరాదు, మడఁత పడినచోటఁ బడుగు తెగును. గట్టి గొట్టమునకు శుభ్రమైన యుదికిన నూలుగుడ్డను జుట్టి, దానిపైఁ గుచ్చు వెలుపలికి వచ్చునట్లు తివాచీని జుట్టి, మరల గుడ్డ కప్పవలెను. గోడకును నేలకును దగులకుండ నుంచవలెను. మూఁడు నాలుగు నెలలకొకమాఱు విప్పి, వెనుకవైపునఁగూడఁ బురుగు చేరినదో లేదో చూడవలెను. వేపాకును దివాచీపైఁ దిన్నగా నుంచిన మరక పడును; గుడ్డసంచిలోఁ గట్టి ప్రక్కన నుంచుట మేలు. నీటఁ దడుపరాదు. చినిఁగినచోట నిపుణుఁడు దొరకువఱకు నట్లే యుంచి, మెత్తని గుడ్డను గ్రిందఁ బఱచుట చాలును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఎవరు, ఎప్పుడు, ఎచ్చటఁ గొనిరో యింటిపెద్దలు చెప్పినదానిని గాగితముపై వ్రాసి దానితోఁ జేర్చి యుంచుట.

సంఘములు చేయవలసిన పని యింకొకటి కలదు. ఏలూరు నేఁతగాండ్ర యిండ్లలోను, ఓరుగల్లు వాడలలోను మిగిలియున్న కాగితపు నమూనాలకుఁ బ్రతులు తీయవలెను. పనివారు రంగులకును, ముడులకును, మగ్గపు భాగములకును వాడు మాటలను సేకరింపవలెను. నిఘంటువులకెక్కని తెలుఁగుమాటలును, తెలుఁగైన పారసీకపు మాటలును నందుఁ బెక్కుండును. భాషాపరిశోధకునకును జరిత్రకారునకును నిది యుమ్మడి పొలము. అహమ్మదాబాదునఁ గాలికో వస్త్రప్రదర్శనశాల 1949లో వెలసి యొక వస్త్రజాతికంతకు నాశ్రయమైనది. హైదరాబాదున సాలారుజంగు ప్రదర్శనశాలయందుఁ దివాచీలు గలవు. తెలుఁగు మగ్గములపై నేసినవానినే ప్రత్యేకముగ నేర్చి, చీటీలతో, కొలతలతో, వెనుకవైపు ఛాయాపటములతో నొక పట్టిక సిద్ధము చేయుట మనవంతు. అట్టి పట్టిక యేర్పడిన దినమునఁ గియోటో రథములపైని తివాచీలతోఁ బోల్చి, ఇది మాయూరి నేఁత యని నిశ్చయముగఁ జెప్పఁగలుగుదుము.

శాసనమునకుఁ బ్రతి తీయుటకై మనవారు కొండలెక్కిరి, అడవులు తిరిగిరి. తివాచీకై యంత శ్రమ యక్కఱలేదు. చుట్టలోనున్నదానిని విప్పి, వెనుకకుఁ ద్రిప్పి చూచిన జాలును. పాఠకులలో నెవరియింటనైనఁ బ్రాఁత రత్నకంబళ మున్నచో దానిని గాలిక్రిందినుండి తీసి, పైఁజెప్పినట్లు చీటీ వ్రాసి భద్రపఱుతురని నమ్ముచున్నాము.